గోవాలో పెళ్లికి పిలుపొచ్చిందా? అతిథిగా ఎలా సిద్ధమవ్వాలి

ఊళ్లో కల్యాణమండపంలో పెళ్లయితే ఐదొందల మందికి వండుతారు. ముప్ఫై మంది ఎక్కువొస్తే ఇంకో గుండిగ అన్నం దింపుతారు, సర్దుకుపోతుంది. గోవా రిసార్టులో అలా కుదరదు. అక్కడ మీరంటే ఒక మంచం, పూటకో ప్లేటు, కారులో ఒక సీటు. తలకింత అని పెళ్లివారు ముందే కట్టేసి ఉంటారు. మీరు రాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. చెప్పకుండా ఇద్దర్ని వెంటబెట్టుకెళ్తే వాళ్లకు గది దొరకదు. ఇలాంటి పెళ్లికి వెళ్లేవాళ్లు పెళ్లివారికి చేయగల పెద్ద సాయం ఒకటుంది. తమ లెక్క ముందే తేల్చి చెప్పి, అక్కడికెళ్లాక తమ సంగతి తామే చూసుకోవడం. కింద రాసినదంతా అందుకు పనికొచ్చేదే.

ముందు అవునో కాదో తేల్చండి

మనకు "చూద్దాంలే", "వీలైతే తప్పకుండా వస్తాం" అనడం అలవాటు. ఎదుటివాళ్ల మనసు నొప్పించకూడదని అంటాం. గోవా పెళ్లి విషయంలో ఆ మాటే పెళ్లివారికి తలనొప్పి. గదుల సంఖ్యను రిసార్టుకు ఫలానా తేదీలోగా చెప్పాలని గడువు ఉంటుంది. ఆ గడువు దాటాక వచ్చే ప్రతి "మేమూ వస్తున్నాం" ఫోనుకు పెళ్లికూతురి తండ్రి మళ్లీ రిసార్టు మేనేజరును బతిమాలుకోవాలి.

శుభలేఖ వాట్సాప్‌లో రాగానే ఇంట్లో కూర్చుని మూడు సంగతులు తేల్చుకోండి: సెలవు దొరుకుతుందా, పిల్లల పరీక్షలు ఉన్నాయా, ప్రయాణ ఖర్చు భరించగలమా. తేలాక వివరంగా చెప్పండి. "పిన్నీ, మేమిద్దరం, చిన్నది వస్తున్నాం. పెద్దవాడికి పరీక్షలు, వాడు రాడు. పదో తారీఖు పొద్దున దిగుతాం, పన్నెండు మధ్యాహ్నం బయల్దేరతాం. అమ్మకు మెట్లు కష్టం, కింది అంతస్తులో గది దొరికితే మేలు." ఇంత చెప్తే చాలు, మళ్లీ ఫోన్ చేయాల్సిన పని వాళ్లకు ఉండదు.

వెళ్లలేకపోతే అదే రోజు చెప్పేయండి. సాకులు వెతుక్కోనక్కర్లేదు. గోవాలో పెళ్లి చేసుకునేవాళ్లు చాలామంది ఊరికొచ్చాక హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రిసెప్షన్ పెడతారు. "గోవాకు రాలేం గానీ రిసెప్షన్‌కి ఇంటిల్లిపాదీ వస్తాం బాబాయ్" అంటే ఎవరూ నొచ్చుకోరు. నిజానికి ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ.

శుభలేఖలో ఎవరి పేర్లుంటే వాళ్లకే పిలుపు. మన వైపు ఇది కొంచెం కటువుగా అనిపిస్తుంది. "మా తోడికోడలు కూడా సరదాపడుతోంది" అని అడిగితే పెళ్లివారు కాదనలేరు, అందుకే అడగకపోవడం మర్యాద. ఆమె సొంత ఖర్చుతో వేరే హోటల్లో దిగితే అది వేరే సంగతి.

డబ్బు విషయం ఎవరూ పైకి అడగరు, ఆఖర్న అదే చికాకవుతుంది. మామూలుగా రానుపోను ఖర్చు అతిథిది, గది, భోజనాలు పెళ్లివారివి. అయితే గది ఎన్ని రాత్రులకు, ఏ పూట నుంచి ఏ పూటదాకా అన్నది ఇంటింటికీ మారుతుంది. ఇది పెళ్లికూతురి అమ్మానాన్నల్ని అడక్కండి. ఏర్పాట్లు చూసే అన్నయ్యో వదినో ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లను అడగండి.

ఏ మాసంలో పెళ్లో చూసుకోండి

గోవా వాతావరణానికీ మన ముహూర్తాలకూ పొంతన అన్ని మాసాల్లో కుదరదు. కార్తీకం, మార్గశిరం, మాఘం, ఫాల్గుణం బాగుంటాయి. అప్పుడు పగలు 32 డిగ్రీల చుట్టూ, రాత్రి 20 చుట్టూ ఉంటుంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీలో గోవా గదుల ధరలు ఆకాశాన్నంటుతాయి. అదృష్టం కొద్దీ అది మనకు ధనుర్మాసం, ముహూర్తాలుండవు.

వైశాఖ, జ్యేష్ఠాల్లో పెళ్లంటే ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ దాకా. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫోన్లో 33 డిగ్రీలు చూసి "మన రెంటచింతల కంటే నయమే కదా" అనుకుంటారు. కడప, కర్నూలు, కరీంనగర్ వైపు ఎండ పొడి ఎండ, నీడకు వెళ్తే చెమట ఆరుతుంది. గోవా గాలిలో తేమ ఎక్కువ, చెమట ఒంటిమీదే ఉండిపోతుంది, ఒళ్లు చల్లబడదు. కాకినాడ, విశాఖ వాళ్లకు ఈ ఉక్క కొత్తకాదు, తెలంగాణ, రాయలసీమ వాళ్లకు మాత్రం మొదటి రోజు నీరసంగా ఉంటుంది.

ఇక శ్రావణం. మనకు మంచి పెళ్లిళ్ల నెల, గోవాకు నడి వానాకాలం. హైదరాబాద్‌లో ఏడాదంతా కలిపి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడితే, గోవాలో దాదాపు 3000 మిల్లీమీటర్లు పడుతుంది, అదీ ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరులోపే. శ్రావణమాసపు శుభలేఖలో బీచ్ మండపం బొమ్మ ఉన్నా, పెళ్లి హాల్లోనే జరుగుతుందని అనుకుని సిద్ధపడండి. రెండు గొడుగులు, నీళ్లలో తడిసినా పాడవని చెప్పులు, ఆరడానికి టైమ్ పట్టని బట్టలు పెట్టుకోండి. జీన్స్ తడిస్తే రెండు రోజులైనా ఆరవు. విమానాలు ఆలస్యమయ్యే కాలం కూడా అదే, ముహూర్తం రోజు పొద్దున దిగేలా టికెట్ తీసుకోవద్దు.

టికెట్: రెండు ఎయిర్‌పోర్టులున్నాయి, జాగ్రత్త

గోవాలో పాత ఎయిర్‌పోర్టు వాస్కో దగ్గర దబోలిమ్. అది నౌకాదళ స్థావరంలో ఉంది. కొత్తది ఉత్తరాన, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా మోపాలో ఉన్న మనోహర్ అంతర్జాతీయ విమానాశ్రయం. 2023 జనవరి 5న అది మొదలైనప్పుడు అక్కడ దిగిన తొలి విమానం హైదరాబాద్ నుంచి వెళ్లిందే. టికెట్లు వెతికేటప్పుడు రెండూ "గోవా" అనే వస్తాయి. కోడ్ చూడండి: జీఓఐ అంటే దబోలిమ్, జీఓఎక్స్ అంటే మోపా.

పెళ్లి బెనోలిమ్, వార్కా, కవెలోసిమ్ లాంటి దక్షిణ గోవా బీచ్‌లలో అయితే దబోలిమ్ నుంచి గంట ప్రయాణం. మోపా నుంచి అదే చోటికి రెండు గంటలు, రద్దీ ఉంటే ఇంకా ఎక్కువ. మోర్జిమ్, వాగతోర్ లాంటి ఉత్తరపు బీచ్‌లలో అయితే మోపానే దగ్గర. టికెట్లో వెయ్యి రూపాయలు తగ్గిందని దూరపు ఎయిర్‌పోర్టులో దిగితే ఆ మిగులు కాస్తా టాక్సీకే పోతుంది. టికెట్ తీశాక దాని ఫొటో ఏర్పాట్లు చూసేవాళ్లకు పంపండి. ఒకే టైమ్‌కు దిగేవాళ్లందరినీ కలిపి వాళ్లు బండి పెడతారు.

ఓలా, ఊబర్ గోవాలో నడవవు. గోవామైల్స్ అనే యాప్ ఉంది, ఎయిర్‌పోర్టుల్లో ప్రీపెయిడ్ టాక్సీ కౌంటర్లు ఉన్నాయి. రిసార్టు బయట ఉండే టాక్సీవాళ్లతో రేటు ఎక్కకముందే మాట్లాడుకోండి, దిగాక బేరం అక్కడ చెల్లదు.

రైలంటే ఇష్టపడేవాళ్లకు సికింద్రాబాద్ నుంచి వాస్కోకు వారానికి రెండు రోజులు నడిచే రైలు 2024 అక్టోబరులో మొదలైంది. మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు, గుంతకల్లు మీదుగా వెళ్తుంది. విజయవాడ, గుంటూరు వైపు వాళ్లకు అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. దక్షిణ గోవా పెళ్లికి వాస్కోదాకా పోకుండా మడ్గావ్‌లోనే దిగిపోవాలి. కాజిల్‌రాక్ దాటాక కులేం వచ్చేలోపు రైలు దూద్‌సాగర్ జలపాతాన్ని ఆనుకునే వెళ్తుంది. కిటికీ పక్క సీటు కోసం పిల్లలు కొట్టుకుంటారు, పెద్దలూ తక్కువేం కాదు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే దొరుకుతుంది. ఆ రోజు పొద్దున్నే బుక్ చేసేయండి.

బట్టలు: కంచిపట్టు ఒక్కటి చాలు

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఈ విషయంలోనే. మెహందీ, సంగీత్, హల్దీ, పెళ్లి, రిసెప్షన్ అని శుభలేఖలో ఐదు వేడుకలుంటే, ఐదింటికీ ఐదు బరువైన చీరలు సర్దుతారు. దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా ఒక్కొక్కరికి 15 కిలోల లగేజీ, చేతిలో 7 కిలోలు. ఒక బరువైన కంచిపట్టు చీర, జాకెట్టు, లోపలి లంగా కలిపితే దాదాపు కిలో. నగల పెట్టె, పిల్లల బట్టలు, మందులు చేరితే లెక్క దాటిపోతుంది.

కంచిపట్టు ముహూర్తానికి ఒక్కటి ఉంచుకోండి. మిగతా వేడుకలకు మంగళగిరి, వెంకటగిరి, గద్వాల లాంటివి పెట్టుకోండి. గద్వాల చీరలో ఒళ్లంతా నూలే, అంచు, కొంగు పట్టువి. ఫొటోలో పట్టుచీరలాగే ఉంటుంది, ఉక్కలో గాలి ఆడుతుంది. జాకెట్టు లైనింగ్ తప్పకుండా నూలుదే వేయించండి. సింథటిక్ లైనింగ్ ఉన్న జాకెట్టుతో బీచ్‌లో రెండు గంటలు కూర్చుంటే చెమటకాయలు ఖాయం. ముదురు రంగు పట్టుమీద చెమట మరక తెల్లగా తేలుతుంది, సముద్రపు ఉప్పు గాలి తగిలితే జరీ నల్లబడే ప్రమాదమూ ఉంది. కట్టి విప్పిన చీరను వెంటనే మడత పెట్టేయకుండా ఫ్యాను కింద ఆరేసి, తర్వాతే మడవండి.

మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి గట్టిగా వీస్తుంది. కొంగుకు పిన్నులు ఎక్కువ పెట్టుకోవాలి. మగవాళ్ల సంగతీ అంతే. పంచె కట్టడం అలవాటు లేనివాళ్లు వెల్క్రో పంచె తెచ్చుకోవడం మేలు, లేదంటే లోపల బెల్టు పెట్టుకోండి. కండువా భుజానికి పిన్ను చేసుకోండి. అది ఎగిరి హోమగుండం వైపు వెళ్తే పురోహితుడు మంత్రం ఆపి చూడాల్సి వస్తుంది.

ఇసుకలో హీల్స్ దిగబడతాయి. మండపందాకా పలకలు పరిచినా, మధ్యలో నాలుగడుగులు ఇసుక తప్పదు. చదునైన చెప్పులు వేసుకోండి. చీరకు ఫాల్ కుట్టించి ఉంటే ఇసుక అంచులో ఇరుక్కుంటుంది, గదిలోకి వెళ్లేముందు దులపండి.

డ్రెస్ కోడ్ అని "పాస్టెల్స్" (లేత రంగులు), "ఆల్ వైట్" అని రాసి ఉంటే హడలిపోనక్కర్లేదు. ఆ రంగుకు దగ్గరగా ఇంట్లో ఉన్నది కట్టుకుంటే చాలు. దానికోసం కొత్తవి కొనమని ఎవరి ఉద్దేశమూ కాదు. తెల్లబట్టలు హల్దీకి మాత్రం వద్దు, కారణం మీకే తెలుసు.

బ్యాగులో ఏవి ఉండాలి, ఏవి ఉండకూడదు

నగలు, బీపీ, షుగరు మందులు, కళ్లజోడు, ఆధార్, ముహూర్తానికి కట్టుకునే బట్టలు చేతి బ్యాగులోనే ఉండాలి. చెకిన్ లగేజీ ఒక్కోసారి తర్వాతి విమానంలో వస్తుంది. ముహూర్తం మీకోసం ఆగదు, సూట్‌కేసు కోసం అసలే ఆగదు. పవర్ బ్యాంకు చెకిన్ లగేజీలో పెట్టకూడదు, అదీ చేతి బ్యాగులోనే.

ఆవకాయ సీసా చేతి బ్యాగులో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీయించేస్తారు. చెకిన్‌లో పెట్టాలి, అదీ రెండు కవర్లలో బిగించి. లేకపోతే పట్టుచీర మీద నూనె మరకతో దిగుతారు. తెలంగాణ ఇళ్లలో ఒడిబియ్యానికి ఎండు కుడుకలు కావాలి. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, మంటకు అంటుకుంటుందని విమానంలో ఒప్పుకోరు. ఆడపడుచు వైపు ఆ బాధ్యత మీదైతే కుడుకలు రైల్లో వచ్చేవాళ్లతో పంపండి, లేదా మడ్గావ్ మార్కెట్లో కొనండి.

ఇంకో చిన్న సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు, దోమల క్రీము, సన్‌స్క్రీన్, నూలు రుమాళ్లు, సేఫ్టీ పిన్నులు, ఒక శాలువా పెట్టుకోండి. శాలువా ఎందుకంటే బీచ్‌లో ఉక్కపోసినా రిసార్టు హాలు ఏసీ గడ్డకట్టించేస్తుంది. పెద్దవాళ్లకు జలుబు చేసేది ఎక్కువగా ఈ రెండింటి మధ్య తిరగడంతోనే.

దిగిన రోజు

రిసార్టు గది మధ్యాహ్నం రెండు, మూడింటికి గానీ ఇవ్వరు. రైల్లో తెల్లవారి దిగేవాళ్లు ఆ కొన్ని గంటలూ గడపాలి. స్నానానికి కావలసినవి, ఒక జత బట్టలు పైన చేతికందేలా పెట్టుకుంటే స్విమ్మింగ్ పూల్ దగ్గరి స్నానాల గదిలో పని కానిచ్చేయొచ్చు. గదిలో దిగే పెద్దవాళ్లందరి ఆధార్ అడుగుతారు. ఫోన్లో ఫొటో ఉంటే సరిపోతుందిలే అనుకోకుండా అసలు కార్డు పట్టుకెళ్లండి.

గది అద్దె పెళ్లివారిదైనా మినీబార్‌లో చాక్లెట్, లాండ్రీ, గదికి తెప్పించుకున్న కాఫీ మీవే. పిల్లలకు ఈ సంగతి మొదటి గంటలోనే చెప్పండి. ఖాళీ చేసేముందు కౌంటర్ దగ్గరికి మీరే వెళ్లి మీ గది లెక్క అడిగి కట్టేయండి. లేదంటే ఆ బిల్లు పెళ్లికూతురి తండ్రి ఖాతాలో చేరుతుంది, ఆయన మొహమాటపడి ఎవరికీ చెప్పడు.

పెళ్లివారు వాట్సాప్ గ్రూపు పెట్టి ఉంటే, మీరు అడగబోయే ప్రశ్నకు జవాబు అందులో ఇప్పటికే ఉంటుంది. పైకి జరిపి చదవండి. పెళ్లికూతురికి, ఆమె తల్లికి ఆ మూడు రోజులూ ఫోన్ చేయకండి.

వేడుకల్లో టైము

గోవాలో రాత్రి పది అంటే పదే. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగించకూడదని 2000 నాటి కేంద్ర నిబంధనలు దేశమంతటికీ ఉన్నాయి. మన ఊళ్లల్లో ఎలా ఉన్నా, టూరిస్టులతో నిండిన గోవా బీచ్‌ల మీద ఫిర్యాదు వెళ్తే పోలీసులొచ్చి ఆపిస్తారు. సంగీత్ ఏడింటికని కార్డులో ఉంటే, మన అలవాటు ప్రకారం ఎనిమిదిన్నరకు తయారై వెళ్తే మీకు దక్కేది గంటన్నర. డ్యాన్సు చేయాల్సినవాళ్లయితే ఆరున్నరకే అక్కడ ఉండండి. మోర్జిమ్, అగోండా, గల్జిబాగ్ బీచ్‌లలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ చుట్టుపక్కల వెలుతురు, శబ్దాల మీద కట్టడి ఇంకా ఎక్కువ. రాత్రి ఇసుకలో టార్చి వేసుకుని తిరగొద్దు.

మన ముహూర్తాలు చాలావరకు రాత్రివే, కొన్నయితే తెల్లవారుజామున రెండు, మూడింటికి. ఆ వేళలో బయట మైకు పెట్టే వీల్లేదు కాబట్టి అలాంటి పెళ్లి లోపలి హాల్లోనే చేయాల్సి వస్తుంది. సముద్రం ఎదురుగా జీలకర్రబెల్లం చూస్తామని ఊహించుకుని వెళ్తే నిరాశపడతారు. రాత్రి ముహూర్తమైతే సాయంత్రం నిద్రపోయి లేవండి, పిల్లల్ని బలవంతంగా మేలుకోబెట్టకండి. రిసార్టుల్లో పొద్దున టిఫిన్ పదీ, పదిన్నరకల్లా మూసేస్తారు. తెల్లవార్లూ పెళ్లి చూసి ఆలస్యంగా లేచేవాళ్లు ఇది మర్చిపోయి మధ్యాహ్నందాకా ఆకలితో తిరుగుతారు. అలారం పెట్టుకుని లేచి, తిని మళ్లీ పడుకోండి.

పసుపు వేడుక గురించి ఒక ముక్క. రిసార్టు దుప్పట్లు, తువ్వాళ్లు అన్నీ తెల్లవి. పసుపు మరక పోకపోతే దుప్పటి ఖరీదు బిల్లులో వేసే హోటళ్లున్నాయి. వేడుక అయ్యాక బీచ్ దగ్గరో పూల్ దగ్గరో ఉండే షవర్ కింద పూర్తిగా కడుక్కుని, పాత తువ్వాలు చుట్టుకుని గదిలోకి వెళ్లండి. ఆ పాత తువ్వాలు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. మెహందీ ఆరని చేతులతో సోఫాలో కూలబడినా ఇదే గొడవ.

తాళి కట్టేటప్పుడు అందరూ ఫోన్లు పైకెత్తి మండపం చుట్టూ మూగితే, లక్షలు పోసి పిలిపించిన ఫొటోగ్రాఫర్‌కు మీ మోచేతులే దొరుకుతాయి. కూర్చుని చూడండి, అక్షింతలు వేయండి. డ్రోన్లు ఇంట్లోనే ఉంచి రండి. దబోలిమ్ నౌకాదళ స్థావరం కావడంతో ఆ చుట్టుపక్కల అనుమతి లేకుండా ఎగరేస్తే కేసవుతుంది.

సముద్రం దగ్గర

పెళ్లి సందడిలో ప్రమాదం జరిగేది ఎక్కువగా ఇక్కడే. గోవా బీచ్‌లలో దృష్టి సంస్థ లైఫ్‌గార్డులు ఉంటారు. ఎరుపు, పసుపు రంగులు కలిసిన రెండు జెండాల మధ్య మాత్రమే నీళ్లలోకి దిగాలి. ఎర్ర జెండా ఉంటే దిగకూడదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎర్ర జెండాయే కనిపిస్తుంది.

అలలు తక్కువగా, నీళ్లు ప్రశాంతంగా ఉన్నట్టు కనిపించే చోటే ఒక్కోసారి నీరు లోపలికి లాక్కెళ్తుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపు నేరుగా ఈదకండి, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ ప్రవాహం దాటుతారు, అప్పుడు ఒడ్డుకు రండి. ఈత రానివాళ్లు మోకాళ్లు దాటి వెళ్లొద్దు. ఫొటో కోసం పట్టుచీరతో, పంచెతో అలల్లో నిలబడకండి. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే ఈతగాళ్లు కూడా లేవలేరు. మందు తాగినవాళ్లు నీళ్ల దగ్గరికి వెళ్లకుండా చూసే బాధ్యత తాగనివాళ్లది. బీచ్ మీద తాగడం గోవాలో నేరం, జరిమానా వేస్తారు. రిసార్టు బార్ రిసార్టు లోపలే ఉంది కదా.

రిసార్టుల్లో స్విమ్మింగ్ పూల్‌కు లైఫ్‌గార్డు రాత్రి ఉండడు. "మీ పిల్లల్ని మా వాళ్లు చూస్తున్నారులే" అని నలుగురు నాలుగు రకాలుగా అనుకుంటే చివరికి ఎవరూ చూడరు. గంటకొకరని పేరు పెట్టి వంతులు వేసుకోండి.

తిండి, ఆరోగ్యం

మన వంటవాళ్లను గోవాకు తీసుకెళ్లే పెళ్లివారు ఉన్నారు, రిసార్టు వంటతోనే సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. రెండోదైతే పప్పు, పెరుగన్నం లేకుండా నిద్రపట్టని పెద్దవాళ్లకోసం కందిపొడి, చిన్న ఆవకాయ సీసా ఉంచుకోండి. అన్నం, పెరుగు ఏ బఫేలోనైనా దొరుకుతాయి. బయటి వంటకాలు డైనింగ్ హాల్లోకి తేవద్దనే రిసార్టులున్నాయి, పొడి గదిలోనే కలుపుకోండి. పులుపు ఇష్టమైనవాళ్లు సోల్‌కడీ తాగి చూడండి. కోకమ్, కొబ్బరిపాలతో చేస్తారు, ఉక్కలో హాయిగా ఉంటుంది. రొయ్యలు, పీతలు పడనివాళ్లు ప్రతి వంటకం దగ్గరా అడిగి వడ్డించుకోండి, గోవా పులుసుల్లో ఎండు రొయ్యలు కనబడకుండా కలిసి ఉంటాయి.

దాహం వేయకముందే నీళ్లు తాగుతుండాలి. తల తిరగడం, కాళ్లు పీకడం, చెమట పట్టడం ఆగిపోవడం జరిగితే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, డాక్టరును పిలిపించండి. 108 అంబులెన్సు గోవాలోనూ పనిచేస్తుంది. దక్షిణ గోవాలో పెద్ద ప్రభుత్వాసుపత్రి మడ్గావ్‌లో ఉంది, గోవా మెడికల్ కాలేజీ బాంబోలిమ్‌లో. రిసార్టు పేరు, గది నంబరు రాసిన చీటీ పెద్దవాళ్ల జేబులో పెట్టండి.

చదివింపులు

ఇత్తడి బిందెలు, గోడ గడియారాలు, గాజు సామాను గోవాకు మోసుకెళ్లొద్దు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు అవన్నీ తిరిగి విమానంలో మోసుకురావాలి. కవరులో నూటపదహారో, వెయ్యినూటపదహారో, ఐదువేల నూటపదహారో పెట్టి మీ పేరు, ఊరు, ఎవరి తరఫువాళ్లో రాసి ఇవ్వండి. మండపం మీద ఇచ్చిన కవర్లు ఆ హడావిడిలో చేతులు మారతాయి. చదివింపులు రాసుకునే వాళ్లెవరో అడిగి వాళ్లకే ఇవ్వండి. వస్తువే ఇవ్వాలనుకుంటే ఊరికొచ్చాక ఇంటికి పంపండి. ప్రయాణానికే చాలా ఖర్చుపెట్టారు కాబట్టి చదివింపు కాస్త తగ్గినా తప్పుపట్టేవాళ్లు ఉండరు. ఉంటే వాళ్ల సంగతి వదిలేయండి.

పెళ్లయ్యాక ఇంకో రోజు ఉండేవాళ్లకు

పెళ్లివారి గది గడువు అయిపోయాక వేరే చోటికి మారండి. ఆ రోజుల గది, తిండి, బండి మీ ఖర్చే. పెద్దవాళ్లను పోండా దగ్గరి మంగేశి, కవళెంలోని శాంతాదుర్గ గుళ్లకు తీసుకెళ్లండి, పాత గోవాలో బామ్ జీసస్ బసిలికా చూపించండి. గుడికైనా చర్చికైనా షార్ట్స్, చేతుల్లేని బట్టలతో వెళ్లొద్దు. స్కూటర్ అద్దెకు తీసుకుంటే నంబరు ప్లేటు చూడండి. అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు బండి సొంత బండి, దాన్ని అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. పట్టుబడితే ఇబ్బంది పడేది మీరే. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాలి.

ఇక బాటిళ్ల సంగతి. గోవాలో మందు చవక అని, జీడిపండ్లతో తీసే ఫెనీకి 2009లోనే జీఐ గుర్తింపు (గోవా సొంత సరుకనే ముద్ర) వచ్చిందని, సూట్‌కేసు నిండా నింపుకుంటారు. విమానం నియమం ప్రకారం చెకిన్ లగేజీలో ఐదు లీటర్ల దాకా ఒప్పుకుంటారేమో గానీ, బయటి రాష్ట్రాల మద్యం మీద ఆంధ్ర, తెలంగాణ ఎక్సైజ్ చట్టాలు వేరు. శంషాబాద్‌లో, గోవా నుంచి వచ్చే రైళ్లలో తనిఖీలు జరుగుతాయి, సీసాలు పట్టుకుంటారు, కేసులు పెడతారు. పక్కింటివాళ్లకూ ఆఫీసువాళ్లకూ ఏదైనా తేవాలంటే గోవా జీడిపప్పు తెండి. అర కిలో చొప్పున ప్యాకెట్లు కట్టి ఇస్తారు, ఏ తనిఖీలోనూ ఎవరూ ఆపరు.